దిబ్బలు తవ్వే ముందు రిజిస్టర్లు తెరవండి: కేంద్ర గనుల శాఖ మంత్రికి బహిరంగ లేఖ

మంత్రిగారికి నమస్కారం.

కోలార్ బంగారు గనుల దగ్గరున్న సైనైడ్ దిబ్బల్లోంచి (సైనైడ్‌తో బంగారం తీశాక పోసిన మట్టి గుట్టల్లోంచి) మిగులు బంగారం తీయాలన్న కేంద్రం ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం 2024లో సరేనంది. 13 దిబ్బలు, వెయ్యెకరాలకు పైగా నేల. టన్ను మట్టికి గ్రాము కూడా రాని బంగారానికి లెక్క కట్టారు, సంతోషం. మరి ఆ మట్టిని పైకి మోసిన మనుషుల లెక్క ఎక్కడుంది?

1880లో జాన్ టేలర్ అనే బ్రిటిష్ కంపెనీ మొదలుపెట్టిన తవ్వకం 2001 ఫిబ్రవరి 28న ఆగింది. ఈలోగా వచ్చిన బంగారం దాదాపు 800 టన్నులంటారు. చాంపియన్ రీఫ్ గనిలో మూడు కిలోమీటర్ల లోతుకు దిగినవాళ్ళు ఎక్కువగా ఉత్తర ఆర్కాటు, చిత్తూరు వైపు పల్లెల నుంచి వచ్చిన దళిత కూలీలు. బెంగళూరు కంటే మూడేళ్ళు ముందే, 1902లో, శివసముద్రం జలవిద్యుత్ కేంద్రం కరెంటు ఈ గనులకొచ్చింది. 1965లో శాస్త్రవేత్తలు వాతావరణంలో పుట్టే న్యూట్రినోలనే సూక్ష్మ కణాల జాడ పట్టిందీ ఈ సొరంగాల్లోనే. ఈ గొప్పలన్నీ పుస్తకాలకెక్కాయి. రాళ్ళు పేలి పోయినవాళ్ళ పేర్లు, రాతి ధూళికి ఊపిరితిత్తులు గట్టిపడి పోయినవాళ్ళ పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ కనపడవు.

గని మూతపడినా ఊరు ఖాళీ కాలేదండీ. తెల్లారకముందే మారికుప్పం స్టేషన్లో బెంగళూరు రైలెక్కేది ఆ కార్మికుల పిల్లలే. ఉండేది తాతలనాటి లైన్ ఇళ్ళలోనే. గోడకు గోడ ఆనుకుని వరసలు, ఇంటికొక చిన్న గది, దాని ముందు తడికెలతోనో రేకులతోనో పెంచుకున్న పంచ. గాలి లేచిందంటే దిబ్బల మీది దుమ్ము అన్నం గిన్నెలో పడుతుంది. పాత దొరల బంగళాలను చూడ్డానికి జనం వస్తారు, ఈ వరసల వైపు ఎవరూ రారు.

మా కుప్పం పక్కన చిగురుగుంట, బిసానత్తం గనులూ కోలార్ గనులను చివర్లో నడిపిన ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్‌వే. అవీ 2001లోనే మూతపడ్డాయి.

అడిగేది పెద్దదేం కాదు. హాజరు పట్టీలు, ప్రమాదాల రిజిస్టర్లు, గని ఆసుపత్రి కాగితాలు ఎక్కడున్నాయో, చెదలు తినగా ఎన్ని మిగిలాయో బయటపెట్టండి. పరిహారం కోసం తిరిగే మనవడికి తాత ఆ గనిలో పనిచేశాడని రుజువు చేసేది ఆ కాగితమే. షాఫ్టుల (గనిలోకి దిగే నిలువు బావుల) మీది ఇనుప గోపురాలను తుక్కు కింద తూకం వేయకండి. శ్మశానాల హద్దులను మ్యాపుల్లో చూపించండి.

దిబ్బలకు టెండరు పిలిచేలోపే ఈ కాగితాల జాబితా రావాలి. లైన్ ఇళ్ళ పట్టాల మాట ఎంతదాకా వచ్చిందో కూడా అందులోనే రాయించండి.

ఇట్లు,
కుప్పం వాసి