మార్కెటింగ్ విద్యార్థులకు మన మార్కెట్లను తెరవండి: మంత్రివర్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ మానవ వనరుల అభివృద్ధి శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు. ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసి, ర్యాంకును బట్టి ఇచ్చే కన్వీనర్ కోటాలో సీటు పొంది, ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో మార్కెటింగ్ ప్రధానాంశంగా ఎంబీఏ రెండో సంవత్సరం చదువుతున్న విద్యార్థిగా ఈ లేఖ రాస్తున్నాను. ఫీజుల గురించి, అధ్యాపకుల ఖాళీల గురించి మీకు వినతులు అందుతూనే ఉంటాయి. నేను అడగదలచింది మాత్రం మేము వేసవిలో చేసే ప్రాజెక్టు గురించి.

మొదటి సంవత్సరం ముగిశాక ప్రతి విద్యార్థీ ఏదో ఒక సంస్థలో కొన్ని వారాలు పనిచేసి, నివేదిక సమర్పించి, మౌఖిక పరీక్షకు (వైవాకు) హాజరు కావాలి. నియమం మంచిదే కానీ సంస్థను వెతుక్కునే భారం మాదే. తెలిసినవాళ్లు ఉన్నవారికి హైదరాబాదులోనో బెంగళూరులోనో చోటు దొరుకుతుంది. కూలి చేసుకునే ఇళ్ల నుంచి వచ్చినవారికి మహా అయితే దగ్గరి పట్టణంలోని బైకుల షోరూమ్ నుంచి ఒక సర్టిఫికెట్ దొరుకుతుంది. అదీ లేనివారికి క్యాంపస్ పక్కనున్న జిరాక్స్ షాపే దిక్కు. అక్కడ పాత నివేదికలో పేరూ సంవత్సరమూ మార్చి బైండింగ్ చేసి ఇస్తారు. లోపల వంద మంది వినియోగదారుల అభిప్రాయాలు రంగురంగుల చార్టుల్లో ఉంటాయి, ఆ వంద మంది మాత్రం ఎక్కడా ఉండరు. ఇది అధ్యాపకులకు తెలియనిది కాదు, వేరే దారి చూపలేక ఊరుకుంటున్నారు.

ఆ దారి ప్రభుత్వం చేతిలోనే ఉంది. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి అటవీ ఉత్పత్తులు కొని అమ్ముతోంది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. 1999లో మొదలైన రైతుబజార్లు ఉన్నాయి. చేనేత సహకార సంస్థ ఆప్కో దుకాణాలు, మార్కెట్ యార్డులు ఉన్నాయి. గుంటూరు మిర్చి యార్డునే తీసుకోండి. రంగును, తేమను, తాలుకాయను బట్టి క్వింటాలు ధర ఎలా మారుతుందో, 2016లో ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ వచ్చాక కూడా రైతు కమీషన్ ఏజెంటును ఎందుకు వదులుకోలేడో అక్కడ కొన్ని వారాలు నిలబడి చూసిన విద్యార్థికి పంపిణీ మార్గాల పాఠం మళ్లీ చెప్పనక్కరలేదు. సాగు పెట్టుబడికి అప్పిచ్చినవాడి దగ్గరికే పంట వెళ్తుందన్న సంగతి మా తరగతిలో రెండేళ్లూ కూర్చున్నా వినపడదు.

వ్యవసాయ మార్కెటింగ్, గిరిజన సంక్షేమం, చేనేత వేర్వేరు శాఖలు కావడంతో ఒక విశ్వవిద్యాలయం రాసే ఉత్తరానికి అక్కడ కదలిక రాదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఉన్నత విద్యామండలి ద్వారా ఆ సంస్థలతో ఒప్పందాలు చేయించి, ఏటా ప్రతి ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి కొన్ని స్థానాలు కేటాయించండి. అధ్యయనాంశాన్ని ఆ సంస్థే తన అసలు సమస్యల నుంచి ఇవ్వాలి, పని చూసిన అధికారి వైవాలోనూ కూర్చోవాలి. దారి ఖర్చులకు, భోజనానికి కొద్దిపాటి భృతి లేకపోతే ఈ స్థానాలు కూడా స్తోమత ఉన్నవారికే చేరతాయి. సంస్థల రహస్యాలు బయటపడతాయన్న అభ్యంతరం రావచ్చు. మాకు కావలసినవి వారి ఫైళ్లు కావు, కొనేవారితోనూ అమ్మేవారితోనూ మాట్లాడే అనుమతి.

వేసవి ప్రాజెక్టులకు విద్యార్థులు ఫిబ్రవరి నుంచే సంస్థల చుట్టూ తిరగడం మొదలుపెడతారు. నా ప్రాజెక్టు ఎలాగూ అయిపోయింది. ఉత్తర్వులు జనవరిలోగా వెలువడితే మా జూనియర్లకు ఉపయోగపడతాయి.

భవదీయ,
ఎంబీఏ (మార్కెటింగ్) విద్యార్థి