పచ్చళ్ల షాపు 11 రోజులు ఎందుకు మూశానంటే

మొన్న ఎవరో అన్నదానానికి ఉంచమని గల్లాపెట్టె మీద 500 నోటు పెట్టి వెళ్లిపోయారు. గుమ్మం పక్కన ‘ఈ భవనం ట్రస్టు ఆస్తి’ అని పలక పెట్టాం కదా, అది చూసి. మాది దానధర్మాలు చేసే ట్రస్టు కాదు బాబూ, భవనాన్ని మా పిల్లలిద్దరి కోసం రాసిపెట్టిన కుటుంబ ట్రస్టు. పిల్లలు ఆస్తి కోసం కొట్టుకున్నారని గుంటూరులో సగం మంది ఇప్పటికే చెప్పేసుకున్నారు కాబట్టి అసలు సంగతి నేనే చెప్తాను.

పాతవాళ్లకు తెలుసు, నాది రెండో పెళ్లి. అమ్మాయి నా మొదటి పెళ్లి బిడ్డ. అబ్బాయి మావారి మొదటి భార్య కొడుకు. మావారు పోయి మూడేళ్లు. పదహారో ఏట నుంచీ మీ ఆవకాయ కలిపేది ఆ అబ్బాయే. షాపూ భవనమూ మాత్రం నా పేర ఉన్నాయి. నేను వీలునామా రాయకుండా పోతే వాడికేం వస్తుందని లాయరుగారిని అడిగాను. ఏమీ రాదమ్మా, అంతా అమ్మాయికే అన్నారు. హిందూ వారసత్వ చట్టంలో ఆడదాని ఆస్తికి ‘కొడుకు’ అంటే సవతి కొడుకు కాదని సుప్రీంకోర్టు 1987లోనే తేల్చేసిందట. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే భవనాన్ని ఇద్దరి కోసం ట్రస్టులో పెట్టాలనుకున్నాను. ముందు ఒక దస్తావేజు రైటరు దగ్గరికి వెళ్లాను. అన్నీ చెప్పి, ఇద్దరి పేర్లూ కాగితం మీద రాసిచ్చాను. వారం తర్వాత తెచ్చిన డ్రాఫ్టులో ‘నా కడుపున పుట్టిన సంతానమునకు’ అని ఉంది. ఎవరిదో పాత కాగితం తీసి పేర్లు మార్చాడు. అడిగితే, “సవతి కొడుక్కి ఇంత అవసరమా అమ్మా?” అన్నాడు. అప్పటికే అబ్బాయి దాన్ని చదివేశాడు. మడిచి కాటా కింద పెట్టి, “పిన్నీ, కారం చెమ్మెక్కుతోంది” అని లోపలికి పోయాడు. అడ్వాన్సు వెనక్కి అడగలేదు. ఆ మనిషి ముఖం మళ్లీ చూడను.

వీలునామా చాలదా అన్నారు చాలామంది. వీలునామాని నేను బతికున్నంత కాలం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. నాకున్న భయం అదే. రేపు మంచాన పడితే ఎవరి మాట వింటానో నాకే తెలియదు. ట్రస్టు దస్తావేజులో రద్దు చేసే హక్కు నాకని రాసుకోకపోతే, నా ఒక్కదాని ఇష్టంతో దాన్ని మార్చలేను. ఆ ఒక్క వాక్యం ఉంచాలా తీసేయాలా అని నెలన్నర కొట్టుకున్నాను. అమ్మాయి వీడియో కాల్‌లో “నీ ఇష్టం అమ్మా” అంది. ఎలా అందో నాకు తెలుసు. అయినా తీసేయించాను. భవనం ఇద్దరిదీ. ఇద్దరూ సంతకం పెట్టందే అమ్మడానికి లేదు.

వ్యాపారం కూడా ట్రస్టులో పెడితే లాభం మీద గరిష్ఠ రేటు పన్ను పడుతుందని ఆడిటరు చెప్పారు. అందుకని అది నేనూ అబ్బాయీ భాగస్వాములుగా వేరే ఫర్ము అయింది. ఫర్ము పేర ఫుడ్ లైసెన్సు, జీఎస్టీ కొత్తగా తీసుకోవాల్సి వచ్చింది. అవి చేతికొచ్చేదాకా ఒక్క సీసా కూడా అమ్మనన్నాను. 11 రోజులు పోయాయి, మీ తిట్లూ తిన్నాను. ఫోన్‌లో డబ్బు కొట్టేటప్పుడు ఇప్పుడు ఫర్ము పేరే కనిపిస్తుంది, కంగారు పడకండి. ఆగిన ఆర్డర్లన్నీ ఈ శనివారంలోపు పంపిస్తాం. కలిపే చెయ్యి మారలేదు.

ఆ 500 ఎవరివో వచ్చి తీసుకెళ్లండి. లేదంటే మాగాయ ఇస్తాను.