'వద్దు' అనే మాటకూ ఒక బటన్ ఇప్పించండి: కేంద్ర ఐటీ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు.

నేను చాలాకాలంగా వెబ్‌సైట్లు తయారుచేసే వృత్తిలో ఉన్నవాణ్ణి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 కింద మీ మంత్రిత్వ శాఖ 2025 నవంబర్‌లో నియమావళిని నోటిఫై చేసి, సమ్మతికీ నోటీసుకూ సంబంధించిన ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చింది. అంటే 2027 మే నుంచి మన వివరాలు సేకరించే వెబ్‌సైట్లు, యాప్‌లు చట్టం చెప్పిన పద్ధతిలోనే మన సమ్మతి అడగవలసి ఉంటుంది. ఆ అడిగే తెరను గీసేదీ, దానికి బటన్లు పెట్టేదీ, వెనక నడిచే కోడ్ రాసేదీ నాలాంటివాళ్లమే కనుక, ఆ పని ఊపందుకోకముందే ఒక విషయం మీ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. 'సరే' అనడం ఎలా ఉండాలో చట్టం వివరంగా చెప్పింది, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం గురించీ చెప్పింది. మొదటిసారి అడిగినప్పుడే 'వద్దు' అనడం ఎంత సులువుగా ఉండాలో మాత్రం చెప్పలేదు. ఆ ఖాళీని మార్గదర్శకాల ద్వారా ఇప్పుడే పూరించమని నా విన్నపం.

ఈ మాట ఎందుకు అంటున్నానో నా అనుభవమే చెబుతుంది. కొన్నేళ్ల క్రితం ఒక సంస్థకు వెబ్‌సైట్ చేసి ఇస్తూ దాని కుకీ బ్యానర్ కూడా, అంటే వచ్చినవాళ్ల వివరాలు గుర్తుంచుకోవడానికి అనుమతి అడిగే పట్టీని కూడా, నేనే రూపొందించాను. నేను మొదట గీసిన తెరలో 'అంగీకరిస్తున్నాను', 'తిరస్కరిస్తున్నాను' అనే రెండు బటన్లు ఒకే సైజులో, ఒకే రంగులో పక్కపక్కనే ఉన్నాయి. సమీక్షకు వెళ్లి వచ్చేసరికి తిరస్కరణ బటన్ తీసేసి, దాని స్థానంలో లేత బూడిద రంగు అక్షరాలతో 'సెట్టింగ్స్' అనే చిన్న లింకు పెట్టమన్నారు. అది నొక్కితే తెరుచుకునే రెండో తెరలో ఒక్కో అవసరానికి ఒక్కో స్విచ్ ఉండాలి, అవన్నీ ముందే ఆన్ చేసి ఉండాలి, 'సేవ్' బటన్ ఎక్కడో అడుగున ఉండాలి. చెప్పినట్టే అన్నీ మార్చి ఇచ్చాను. తర్వాత అంగీకారాలు బాగా పెరిగాయని వాళ్లు సంతోషించారు. వచ్చేవాళ్ల అభిప్రాయం ఏమీ మారలేదని, వద్దనేవాళ్లకు దారి కనబడకుండా చేయడం వల్లే ఆ సంఖ్య పెరిగిందని నాకు తెలుసు. ఆ పని నా చేతులతో చేసినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

కుకీ అంటేనే తప్పుడు పని అని నేను అనడం లేదు. ఒక పేజీ అడిగిన బ్రౌజర్ మరుక్షణం ఇంకో పేజీ అడిగితే, రెండుసార్లూ అడిగింది ఒకరేనని గుర్తుపట్టే శక్తి వెబ్‌కు స్వతహాగా లేదు. ఆ లోటు తీర్చడానికే 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మోంటుల్లీ ఈ పద్ధతిని కనిపెట్టారు. వెబ్‌సైట్ మన బ్రౌజర్‌లో దాచిపెట్టుకునే చిన్న చీటీ అది. లాగిన్ నిలిచి ఉండటానికీ, ఎంచుకున్న భాష గుర్తుండటానికీ అది కావాలి, దానితో ఎవరికీ పేచీ లేదు. చిక్కంతా మనం తెరిచిన సైట్ కాకుండా, అందులో చోటు సంపాదించిన మరో కంపెనీ రాసే చీటీతోనే వచ్చింది. ఒక వ్యక్తి రాత్రి ఒక సైట్‌లో ఏదో జబ్బు లక్షణాల గురించి చదివి, మర్నాడు మరో సైట్‌లో అప్పు దొరుకుతుందేమో చూసి, ఆ వారంలోనే ఇంకో సైట్‌లో ఉద్యోగాల కోసం వెతికాడనుకోండి. ఆ మూడు సైట్లకూ ఒకదానితో ఒకదానికి సంబంధం లేకపోవచ్చు. మూడింటిలోనూ ఒకే ప్రకటనల సంస్థ స్క్రిప్ట్ (పేజీతో పాటు నడిచే చిన్న ప్రోగ్రామ్) ఉంటే మాత్రం, తన చీటీలో రాసిపెట్టిన ఒకే నంబరును అది మూడు చోట్లా చదువుకుంటుంది. అనారోగ్యం, అప్పు, నిరుద్యోగం ఆ నంబరు కింద ఒక్కచోట చేరతాయి. ఆ వ్యక్తి తన సొంత ఇంట్లోవాళ్లకు కూడా చెప్పని సంగతులు అవి.

'మాకు పేరు తెలియదు, నంబరే తెలుసు' అన్నది ఆ సంస్థల నుంచి తరచుగా వినిపించే సమాధానం. యూరప్ చట్టం ఆన్‌లైన్ గుర్తింపు సంఖ్యలను వ్యక్తిగత డేటా నిర్వచనంలో పేరుపెట్టి చేర్చింది. మన చట్టం మాత్రం ఏ డేటా ద్వారా వ్యక్తిని గుర్తించవచ్చో అదంతా వ్యక్తిగత డేటాయేనని విశాలంగా చెప్పి ఊరుకుంది. నా దృష్టిలో కుకీ నంబరు ఆ నిర్వచనంలోకి వస్తుంది, కానీ ఆ మాట మీరు చెబితేనే చెల్లుతుంది. మన చట్టంలో 'కుకీ' అనే పదమే లేకపోవడం మంచిదే, ఎందుకంటే రేపు కుకీ పోయి మరొకటి వస్తుంది. ఫోన్‌లోని ప్రకటనల ఐడీ, తెర కొలతలూ ఫాంట్లూ కలిపి పరికరాన్ని గుర్తుపట్టే ఫింగర్‌ప్రింటింగ్ ఇప్పటికే ఆ పని చేస్తున్నాయి. మనిషిని వెంబడించడానికి వాడే గుర్తు ఏదైనా వ్యక్తిగత డేటాయేనని, లాగిన్ వంటి తప్పనిసరి అవసరాలకు వాడే చీటీలకు బ్యానర్ అక్కర్లేదని ఒకే మార్గదర్శకంలో స్పష్టం చేస్తే, పెట్టవలసిన చోట బ్యానర్ ఉంటుంది, అక్కర్లేని చోట ఉండదు.

ఇక సమ్మతి విషయానికి వస్తే, సెక్షన్ 6 చాలా గట్టిగా రాసిన సెక్షన్. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతుల్లేకుండా, సందిగ్ధతకు తావులేకుండా, స్పష్టమైన చర్య ద్వారా ఇచ్చినదై ఉండాలని, అవసరమైన డేటాకే అది పరిమితం కావాలని అందులో ఉంది. వైద్య సలహాలిచ్చే యాప్ ఫోన్‌లోని కాంటాక్టుల జాబితా కూడా అడిగి 'సరే' అనిపించుకున్నా, ఆ జాబితాకు సంబంధించినంతవరకు ఆ 'సరే' చెల్లదని చట్టమే ఉదాహరణ ఇచ్చి చెప్పింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తీర్పు చెప్పాక, ఆరేళ్ల తర్జనభర్జనల తర్వాత వచ్చిన చట్టానికి తగిన సెక్షన్ ఇది. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో ఉపసంహరించుకోవడమూ దాదాపు అంతే తేలికగా ఉండాలని కూడా ఇదే సెక్షన్ చెబుతోంది. అయితే ఉపసంహరణ అనేది ముందు ఒప్పుకున్నవాడికే పనికొచ్చే హక్కు. పౌరుడు తన సమ్మతులన్నీ ఒక్కచోట చూసుకునేందుకు చట్టం కొత్తగా తెచ్చిన మధ్యవర్తి సంస్థ, కన్సెంట్ మేనేజర్ నిర్వచనం చూడండి. సమ్మతిని ఇవ్వడం, నిర్వహించుకోవడం, సమీక్షించుకోవడం, ఉపసంహరించుకోవడం అని నాలుగు పనులు అందులో ఉన్నాయి. నిరాకరించడం లేదు.

'స్వేచ్ఛగా' అన్న మాటలోనే నిరాకరణ కూడా ఇమిడి ఉందని మీ అధికారులు అనవచ్చు, న్యాయపరంగా ఆ వాదన సరైనదే. అలా ఇమిడి ఉన్నదాన్ని బయటికి తీయడానికి యూరప్‌కు ఏళ్లు పట్టిందన్నదే నా ఆందోళన. కుకీలకు ముందస్తు సమ్మతి కావాలని అక్కడ 2009లోనే డైరెక్టివ్‌ను (సభ్యదేశాలన్నీ పాటించవలసిన యూరోపియన్ యూనియన్ ఆదేశాన్ని) సవరించారు. ముందే టిక్ పెట్టి ఉంచిన గడి సమ్మతి కాదని యూరోపియన్ న్యాయస్థానం ప్లానెట్49 కేసులో తేల్చింది 2019 అక్టోబర్‌లో. ఒప్పుకోవడానికి ఒక్క క్లిక్, తిరస్కరించడానికి అనేక క్లిక్‌లు పెట్టారన్న కారణంతో ఫ్రాన్స్ డేటా పరిరక్షణ సంస్థ సీఎన్‌ఐఎల్, గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోల జరిమానా ప్రకటించింది 2022 జనవరిలో. ఈలోగా అక్కడి జనం బ్యానర్ కనబడగానే చదవకుండా 'సరే' కొట్టేయడానికి అలవాటు పడిపోయారు. చివరకు 2025 నవంబర్‌లో యూరోపియన్ కమిషనే ఈ బ్యానర్ల బెడద తగ్గించాలని, ఒక్క క్లిక్‌తో తిరస్కరించే వీలు ఉండాలని, బ్రౌజర్‌లోనే ఇష్టాయిష్టాలు నమోదు చేసుకునే పద్ధతి రావాలని ప్రతిపాదించింది. వాళ్లు అన్నేళ్లు తిరిగి చేరుకున్న చోటు నుంచే మనం బయలుదేరవచ్చు.

బ్రౌజర్ సంకేతం విషయంలో కూడా రెండు అనుభవాలు మన ముందున్నాయి. 'నన్ను వెంబడించవద్దు' అని బ్రౌజర్ చేత చెప్పించే డు నాట్ ట్రాక్ అనే సెట్టింగ్ విఫలమైంది, ఎందుకంటే దాన్ని మన్నించి తీరాలని చట్టం ఏదీ చెప్పలేదు. అదే ఉద్దేశంతో వచ్చిన గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్‌ను కాలిఫోర్నియా తన చట్టం కింద గుర్తించింది. ఆ సంకేతాన్ని పట్టించుకోలేదన్న ఆరోపణ కూడా ఉన్న కేసులో 2022లో సెఫోరా అనే సౌందర్య సాధనాల కంపెనీ 12 లక్షల డాలర్లు చెల్లించి రాజీకి వచ్చింది. సాంకేతికంగా రెండూ దాదాపు ఒకటే, తేడా వెనక ఉన్న చట్టంలోనే ఉంది. మన కన్సెంట్ మేనేజర్ వ్యవస్థలో 'ప్రకటనల కోసం నన్ను వెంబడించడానికి ఎవరికీ సమ్మతి లేదు' అని ఒక్కసారి నమోదు చేసుకునే వీలు కల్పించి, దాన్నీ బ్రౌజర్ సంకేతాన్నీ వెబ్‌సైట్లు మన్నించి తీరాలని ఆదేశిస్తే, పౌరుడు ప్రతి గుమ్మం దగ్గరా అదే జవాబు చెప్పుకుంటూ పోనక్కర్లేదు.

భాష గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, మన్నించండి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా నోటీసు చదువుకునే వీలు ఉండాలని చట్టం చెప్పడం ఎంతో మంచి విషయం. కానీ ఇప్పుడు తెలుగులో కనబడుతున్న నోటీసులు చూస్తే భయం వేస్తోంది. 'మా భాగస్వాముల చట్టబద్ధమైన ఆసక్తి మేరకు మీ డేటా ప్రాసెస్ చేయబడుతుంది' అనే తరహా వాక్యాలు అవి. ఇంగ్లిష్‌లోని 'లెజిటిమేట్ ఇంటరెస్ట్'కు మక్కీకి మక్కీ అనువాదం అది. తెలుగులో ఆసక్తి అంటే ఒక విషయం మీద ఇష్టం, కుతూహలం. వ్యాపార ప్రయోజనం అనే అర్థం అందులో లేదు. ఆ వాక్యం చదివినవాడికి తన సంగతులు ఎవరి చేతికి పోతున్నాయో, ఎందుకు పోతున్నాయో తెలిసే అవకాశమే లేదు. విషయం తెలిసి ఇచ్చినదే సమ్మతి అయినప్పుడు, ఆ వాక్యం కింద నొక్కిన బటన్‌కు విలువ ఎక్కడిది? 'మీరు ఈ సైట్‌లో ఏమేం చూస్తున్నారో ప్రకటనల కంపెనీలకు చెప్పమంటారా?' అని అడిగి, కింద 'చెప్పండి', 'చెప్పవద్దు' అని సమానమైన రెండు బటన్లు పెడితే చదవడం వచ్చిన ఎవరికైనా అర్థమవుతుంది. ఇలాంటి నమూనా నోటీసులను మీ శాఖే 22 భాషల్లోనూ, అనువాదంగా కాక ఆయా భాషల్లోనే రాయించి, మామూలు చదువరులకు చూపించి సరిచూసి, కోడ్‌తో సహా ఉచితంగా విడుదల చేయాలని కోరుతున్నాను. విడిగా న్యాయ సలహాదారును పెట్టుకోలేని చిన్న సంస్థలకు అది పెద్ద ఊరట. లేకపోతే అవి విదేశాల్లో తయారైన రెడీమేడ్ బ్యానర్లనే, వాటి మాయలతో సహా తెచ్చి పెట్టుకుంటాయి.

ఆ మాయలకు పేర్లు పెట్టే పని ప్రభుత్వం ఇప్పటికే చేసింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్‌లో 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను, అంటే వాడేవాళ్లను మభ్యపెట్టే తెరల రూపకల్పన ఎత్తుగడలను, గుర్తించి నిషేధించింది. కావాలని తికమకపెట్టే ప్రశ్నలు, ఒక బటన్‌ను మెరిపించి మరొకదాన్ని మరుగుపరచడం అందులో ఉన్నాయి. అలా రాబట్టిన సమ్మతి సెక్షన్ 6 కింద చెల్లదని మీ మార్గదర్శకాల్లో ఒక్క వాక్యం చేర్చండి. ఈ చట్టం ఉల్లంఘనలను విచారించే డేటా పరిరక్షణ బోర్డు తనిఖీ కూడా కాగితాలతో ఆగకూడదు. చాలా సైట్లలో బటన్ నొక్కకముందే ట్రాకింగ్ స్క్రిప్ట్‌లు పని మొదలుపెడతాయి, కొన్నిట్లో 'వద్దు' అన్నాక కూడా ఆగవు. కొత్తగా తెరిచిన బ్రౌజర్‌లో ఆ సైట్ పెట్టి, ఏమేం దాచిందో, ఎవరెవరికి పంపిందో చూడటానికి మా వృత్తిలో ఉన్నవాళ్లకు పది నిమిషాలు పట్టదు. బోర్డు ఆ పరీక్షను స్వయంగా, ముందస్తు సమాచారం లేకుండా చేయాలి.

గడువులో ఇప్పటికే కొంత గడిచిపోయింది. సంస్థలు తెరలు గీయించే పని మొదలుపెడుతున్నాయి, ఒకసారి కట్టిన దాన్ని మళ్లీ విప్పి కట్టడానికి ఏ సంస్థా ఇష్టపడదు. అందుకని గడువు ముగియడానికి కనీసం ఆరు నెలల ముందే ముసాయిదా మార్గదర్శకాలను ప్రజాభిప్రాయానికి పెట్టమని అభ్యర్థిస్తున్నాను. అప్పుడు తెలుగు నమూనా నోటీసు రాయడానికి, రెండు బటన్లూ సమానంగా ఉండే తెరకు కోడ్ రాసి ఇవ్వడానికి ఏ ప్రతిఫలమూ ఆశించకుండా నా సమయం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక వెబ్ డెవలపర్