కాలిక్యులస్ కోర్సు దాటేసే ముందు పాత పేపరు రాసి చూడుండ్రి

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను హనుమకొండల ఇంటర్ పిల్లలకు మ్యాథ్స్ చెప్పే లెక్చరర్‌ని, 1బీ, 2బీ చెప్పబట్టి ఇరవై ఏండ్లు దాటింది. మొన్న ఆదివారం పొద్దుగాల అమెరికా నుంచి మా అన్న ఫోన్ చేసిండు, వాళ్ళ బిడ్డకు అక్కడ స్కూల్లనే కాలేజీ స్థాయి పాఠాలు చదివి రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కాలిక్యులస్ బీసీ పరీక్షల 5కి 5 వచ్చింది, ఆ స్కోరు చూపిస్తే ఇంజినీరింగ్‌ల కాలిక్యులస్ 1, 2 చదవకుండ సీదా 3ల కూసోవచ్చని కాలేజోళ్ళు అన్నరట. "రెండు కోర్సుల ఫీజు మిగులుతది తమ్మీ, ఇంక ఆలోచించేదేముంది" అని అన్న, "నాకైతే భయమైతుంది చిన్నాయనా" అని బిడ్డ. ఇప్పుడు మన దగ్గర కూడా ఇంటర్ కాంగనే పిల్లల్ని అక్కడికి పంపుతున్నరు కాబట్టి ఇది రాస్తున్న.

వీడియో కాల్‌ల పిల్లను కూసోబెట్టి కొన్ని లెక్కలు ఇచ్చిన. ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ నిమిషంల చేసింది, మాక్సిమా మినిమా కూడా తప్పు పోలే. తర్వాత సిరీస్ అడిగిన. ఒకటి, ఒకటి బై రెండు, ఒకటి బై మూడు అట్ల కూడుకుంట పోతే పదాలు చిన్నగైకుంట సున్నా దిక్కు పోతయి కదా, మరి మొత్తం ఎందుకు ఆగదు? పీ సిరీస్ టెస్ట్ అన్నది, టెస్ట్ పేరు కాదు బిడ్డా ఎందుకో చెప్పు అంటే చప్పుడు లేదు. మూడోది నాలుగోది కలిపితే అరకంటే ఎక్కువ, తర్వాత నాలుగు పదాలు కలిపితే మళ్ళ అరకంటే ఎక్కువ, గట్ల అరలు వస్తనే ఉంటయని చెప్తే మొఖం వెలిగింది. స్కోరు 5 వచ్చినా ఆ ఒక్క జాగల పునాది కచ్చాగ ఉంది. ఇంకో సంగతి, కాలిక్యులస్ 3ల పార్షియల్ డెరివేటివ్స్, డబుల్ ఇంటిగ్రల్స్ ఎక్కువుంటయి, సిరీస్ పెద్దగ అడగరు, అందుకే ఆ కోర్సు పాసైపోయి అంతా బాగానే ఉందనుకుంటరు, తర్వాత డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌ల, సిగ్నల్స్‌ల సిరీస్ రాక దొరికిపోతరు.

నేను చెప్పిందేందంటే 1కి క్రెడిట్ తీసుకో, అంటే చదివినట్టే లెక్క కట్టించుకో, 2 మాత్రం కాలేజీల మళ్ళ చదువు. అందరికీ ఇదే చెప్త అని కాదు. ఆ కాలేజీల పోయినేడు పెట్టిన ఫైనల్ పేపర్ సంపాదించి, ఫోన్ పక్కన పెట్టి, టైం పెట్టుకొని రాస్తే ఎవరి సంగతి వాళ్ళకే ఎర్కైతది. రూల్స్ కూడా అమెరికాల కాలేజీకో తీరు, కాల్‌టెక్ ఈ స్కోర్లకు క్రెడిటే ఇయ్యదు, ఎంఐటీ బీసీల 5 వస్తే మొదటి కాలిక్యులస్ కోర్సు ఒక్కటే మాఫ్ చేస్తది. కొన్ని కాలేజీలు పై కోర్సుల కూసోనిస్తయి గని క్రెడిట్ ఇయ్యవు, అప్పుడు ఫీజు మిగిలేది ఏం లేదు.

మళ్ళ చదువుడుల కూడా ప్రమాదముంది, అది మన పిల్లల్ల నేను కండ్లార చూస్తున్న. ఇంటర్‌ల 75కి 75 తెచ్చుకున్నోళ్ళు బీటెక్ ఎం వన్ (మొదటి మ్యాథ్స్ పేపర్) అంటే తెలిసిందే కదా అని క్లాసుకు పోరు, మీన్ వాల్యూ థీరమ్స్, బీటా గామా ఫంక్షన్స్ వచ్చేసరికి బ్యాక్‌లాగ్ పెట్టుకొని నయీంనగర్‌ల ట్యూషన్ వెతుక్కుంట వస్తరు. ఇంకో దిక్కు డిప్లొమా చేసి ఈసెట్‌తోని సీదా సెకండియర్‌ల చేరే పిల్లలు ఫస్టియర్ మ్యాథ్స్ క్లాసు చూడకుండనే పై సబ్జెక్టులల్ల పడతరు, వాళ్ళు కష్టపడెటోళ్ళే, కానీ వాళ్ళకు ఏం వచ్చు ఏం రాదు అని అడిగినోళ్ళే లేరు.

మన యూనివర్సిటీలు చేరిన మొదటి వారమే ఒక మ్యాథ్స్ పరీక్ష పెట్టాలె, వచ్చినోళ్ళను పైకి పంపాలె, రానోళ్ళకు ఆ చాప్టర్లు మళ్ళ చెప్పాలె. మీ చదువుల పేజీల దీని మీద లెక్చరర్లతోని, పిల్లలతోని మాట్లాడి రాయిస్తే బాగుంటది.

మా అన్న బిడ్డ నిన్న మెసేజ్ పెట్టింది, కాలిక్యులస్ 2కి పేరు రాయించుకుందట. వాళ్ళ నాయన ఫీజు గురించి ఇంక కోపంగనే ఉన్నడు.

ఇట్లు,
ఒక ఇంటర్ మ్యాథ్స్ లెక్చరర్,
హనుమకొండ