బుకింగ్ కాగితం మీద బేరం

అయ్యా,

బజాజ్ చేతక్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజుల్లో బుకింగ్ చేతిలో ఉన్నవాడిదే రాజ్యం. బండి ఎక్కకుండానే పైడబ్బులు మిగిలేవి. అమెరికాలో కరెంటు ట్రక్కులతోనూ అదే జరిగింది. సుమారు 1,12,000 డాలర్ల జీఎంసీ హమ్మర్ ఈవీ తొలి బండ్లు 2022లో ఆన్‌లైన్ వేలంలో రెండు లక్షలు దాటాయి. ఏడాదిలోపు అమ్మితే కొన్ని వారంటీలు తర్వాతి యజమానికి చెల్లవని కంపెనీ హెచ్చరించింది. ఇదేం న్యాయమో! లాభం ఒకడికి, దెబ్బ ఇంకొకడికి. 2023లో టెస్లా సైబర్‌ట్రక్ ఒప్పందంలో పెట్టిన షరతు నయం: అనుమతి లేకుండా ఏడాదిలోపు అమ్మితే 50,000 డాలర్లు లేదా అమ్మగా వచ్చిన సొమ్ము, ఏది ఎక్కువైతే అది, అమ్మినవాడి దగ్గరే కంపెనీ వసూలు చేయొచ్చన్నది ఆ షరతు.

మా వీధిలో కక్కలపల్లి మార్కెట్‌కు టమోటా తోలే కుర్రాడు కరెంటు గూడ్స్ ఆటో అడిగితే స్టాక్ లేదన్నారట. అదే మోడల్, చుట్టాల పేర్లతో బుక్ చేసుకున్న ఏజెంటు దగ్గర మాత్రం ఎక్కువ రేటుకు ఉంది. వాయిదాలు కట్టుకునేవాడికి ఆ పైడబ్బు ఎంత టెన్షన్! ప్రభుత్వ రాయితీతో అమ్మే బండికైనా ఏడాదిపాటు పేరు మార్పిడి కుదరదని రవాణా శాఖ షరతు పెట్టాలి. యజమాని చనిపోతే మినహాయింపు ఇవ్వొచ్చు.

– విశ్రాంత ఆర్టీసీ మెకానిక్, అనంతపురం