పాత బిందెకు ఊరూ పేరూ ఉండవా?

సంపాదకుల వారికి,

అయ్యా,

కొద్ది వారాల కిందట మీ ఆదివారం అనుబంధం తమిళనాడులోని కారైకుడి పాత సామాన్ల వీధి గురించి రెండు పేజీల నిండా రంగుల బొమ్మలతో వ్యాసం ప్రచురించింది. మునీశ్వరన్ కోయిల్ వీధిలో వరుసగా ఉన్న కొట్లు, గోడలకు ఆనించిన బర్మా టేకు ద్వారబంధాలు, బెల్జియం అద్దాలు, రవివర్మ అచ్చుబొమ్మలు, ఎనామిల్ క్యారేజీలు అన్నిటినీ వర్ణించిన మీ విలేఖరికి, ఇవన్నీ ఎవరి ఇళ్ళ నుంచి వచ్చాయని ఒక్క దుకాణదారునైనా అడగాలని తోచకపోవడం ఆశ్చర్యంగా ఉంది. ‘బేరమాడితే చవకగా దొరుకుతాయి’ అని సలహా ఇవ్వడం మాత్రం మరిచిపోలేదు.

మీ వ్యాసం రాకముందే మా కుటుంబం ఆ ఊరు వెళ్ళి వచ్చింది కాబట్టి ఊహించి రాయడం లేదు. అక్కడ ఒక కొట్టులో, మేజా కింద పేర్చిన ఇత్తడి బిందెల్లో ఒకదాని అంచున తెలుగు అక్షరాలు కనిపించాయి. ఇంటిపేరు పొడి అక్షరాలు, ఒక ఆడమనిషి పేరు, ఆ పక్కన ఊరి పేరు మొదటి అక్షరం మాత్రమే. మిగతాది ఎవరో పనిగట్టుకుని అరగదీశారు. కూతురిని కాపురానికి పంపేటప్పుడు సారె సామాన్ల మీద పేరు కొట్టించడం మన ఇళ్ళలో తెలియనివారు లేరు. ఇది ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, ‘పాత కుటుంబం వాళ్ళది సార్’ అన్నాడు దుకాణదారు. ఏ కుటుంబమని అడిగితే నవ్వాడు. మన వీధుల్లో మైకు పెట్టుకుని తిరిగే బండివాడు స్టీలు గిన్నెలు ఇచ్చి కిలోల లెక్కన పట్టుకుపోయిన ఇత్తడి, నాలుగు చేతులు మారేసరికి పురాతన వస్తువై, బరువుతో సంబంధం లేని ధర తగిలించుకుంటుందన్నమాట.

అంతటితో ఊరుకోక, విదేశంలో ఉన్న మా అబ్బాయికి ఒక చెక్క బొమ్మ పంపాలంటే వీలవుతుందా అని అడిగాను. నూట యాభై ఏళ్ళ నాటిదని అప్పటిదాకా ప్రమాణం చేసినంత పని చేసిన పెద్దమనిషే, ‘పురాతన వస్తువు కాదు’ అని ధ్రువపత్రం తెప్పించి పంపిస్తాం, భయం లేదు అన్నాడు. కొనేవాడికి నూట యాభై ఏళ్ళు, కస్టమ్స్ వారికి నిన్నగాక మొన్నటిది! ఈ రెండు మాటల్లో ఒకటి తప్పక అబద్ధమే కదా. అది కొత్త సరుకైతే నన్ను మోసగిస్తున్నట్టు, పాతదైతే దేశాన్ని మోసగిస్తున్నట్టు.

దీనికి చట్టం లేక కాదు. 1972లో చేసి 1976 నుంచి అమలు చేస్తున్న పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన శిల్పమైనా, చిత్రమైనా, కట్టడం నుంచి ఊడదీసిన తలుపైనా పురావస్తువే. చరిత్ర, సాహిత్య విలువ గల రాతప్రతులకు డెబ్బై అయిదేళ్ళు చాలు. వీటిని అమ్మేవారికి లైసెన్సు ఉండాలి, వారు రిజిస్టర్లూ ఫొటోలూ భద్రపరచాలి. ప్రైవేటు వ్యక్తులు ఇలాంటివాటిని దేశం దాటించకూడదు. ఆ రిజిస్టరు ఎలా ఉంటుందో ఆ వీధికి వెళ్ళిన యాత్రికుల్లో ఎందరు చూసి ఉంటారు? చూపించమని అడిగే అధికారి ఎన్నాళ్ళకొకసారి వస్తాడు? గుడి విగ్రహం పోయిందని గోల పుట్టినప్పుడు పరుగెత్తుకొచ్చే శాఖలకు, ఇంటి ద్వారబంధం లారీ ఎక్కుతుంటే అది తమ పని అనిపించదు కాబోలు.

ఇది పరాయి రాష్ట్రం సంగతి, మనకెందుకు అనేవారికి చందవరం గుర్తు చేయాలి. ప్రకాశం జిల్లాలోని ఆ బౌద్ధ క్షేత్రం నుంచి దొంగలెత్తుకుపోయిన సున్నపురాతి శిల్పఫలకం ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని జాతీయ కళా ప్రదర్శనశాలలో తేలి, 2016లో గానీ తిరిగి మన దేశానికి దక్కలేదు. అది కాపలా ఉండవలసిన చోటి నుంచే పోయింది. ఇక కాపలా లేని మన మండువా లోగిళ్ళ మాట చెప్పాలా? కోనసీమలో ఒక్కొక్క లోగిలి కూలుస్తుంటే, స్తంభాలూ దూలాలూ కొనేందుకు బేరగాళ్ళు ముందే వచ్చి వాకిట్లో కూర్చుంటున్నారు. కూల్చేందుకు అనుమతినిచ్చే పంచాయతీ గానీ మున్సిపాలిటీ గానీ, కూల్చేముందు ఆ ఇంటికి నాలుగు ఫొటోలైనా తీయించదు. ఇంటిపన్ను బకాయి మాత్రం పైసాతో సహా వారి పుస్తకాల్లో ఉంటుంది.

కారైకుడి చుట్టుపక్కల చెట్టినాడులో వ్యాపారం చేసి పెద్ద ఇళ్ళు కట్టుకున్న చెట్టియార్ల ఇళ్ళదీ ఇదే కథ. బర్మా వ్యాపారం రెండో ప్రపంచ యుద్ధంతో చితికిపోయాక, ఒక్కో ఇంటికి పదుల కొద్దీ వారసులు తేలి, పంచుకోలేక అమ్ముకున్నారు. వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. చెట్టినాడు గ్రామాలు 2014 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో ఉన్నాయి. అయినా అక్కడి తలుపులు వీధిలో అమ్మకానికి నిలబడే ఉన్నాయి.

మీ విలేఖరి ఒక్క వాక్యంతో దాటేసిన వాటిలోనే నిజానికి చూడదగ్గ సంగతి ఉంది. కారైకుడికి దగ్గరలోని ఆత్తంగుడిలో గాజు పలక మీద లోహపు అచ్చు ఉంచి, రంగు కలిపిన సిమెంటు ముద్దను అచ్చులోని ఒక్కో గడిలో గరిటెతో పోసి, ఇసుకా సిమెంటూ నింపి, నీళ్ళలో నానబెట్టి నేలకు పరిచే పలకలు చేస్తారు. కొలిమి లేదు, కాల్చడం లేదు. నునుపంతా ఆ గాజుదే. ఎవరు చేశారో, ఎక్కడ చేశారో కళ్ళముందే కనబడుతుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కారైకుడి కండాంగి చీరలూ అంతే. కొత్త చీరకు ఊరి పేరు చెప్పగలిగినప్పుడు, పాత బిందెకు చెప్పడం ఎందుకు సాధ్యం కాదు?

పురావస్తు శాఖను నేను కోరేది ఒక్కటే: అమ్మే ప్రతి పాత వస్తువుకూ అది ఏ ఊరి నుంచి, ఏ సంవత్సరంలో, ఎవరి ద్వారా కొట్టుకు చేరిందో రాసిన చీటీ కట్టాలనీ, బిల్లులో అదే మాట ఉండాలనీ నిబంధన పెట్టి, దాన్ని తనిఖీ చేయించాలి. నిజాయితీగా వ్యాపారం చేసుకునే దుకాణదారుకు దీనివల్ల నష్టమేమీ లేదు. ఇక తమరు, ఇలాంటి వీధి మీద మళ్ళీ వ్యాసం వేయదలిస్తే, బేరం సంగతి పాఠకులకే వదిలిపెట్టి, లైసెన్సూ రిజిస్టరూ చూపించమని మీ విలేఖరి చేత అడిగించండి. చూపించినవారి పేర్లు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అమలాపురం