పాట వినకుండానే సైతాను ముద్రా?

సంపాదకులకు నమస్కారం.

'ఘోస్ట్' అనే స్వీడన్ రాక్ బృందం తెచ్చిన కొత్త ఆల్బం 'స్కెలెటా' మీద పదిహేను రోజుల కిందట మీ ఆదివారం అనుబంధంలో అరపేజీ కథనం వచ్చింది. ఆ రోజే జవాబు రాద్దామని కూర్చున్నాను. కోపంలో రాయకూడదని ఆగాను. పదిహేను రోజులైనా ఆ కోపం అలాగే ఉంది, అందుకే రాస్తున్నాను.

ముఖానికి పుర్రె రంగు, మతగురువు వేషం ఉన్న ఫొటో ఒకటి పెద్దగా వేసి, పిల్లల్ని సైతాను దారి పట్టించే సంగీతమని తేల్చేశారు. రాసినాయన అందులో ఒక్క పాటైనా విన్న ఆనవాలు ఆ అరపేజీలో నాకు కనబడలేదు. 'సైతానైజ్డ్' అన్న పాట పేరు దొరికింది, దాని చుట్టూ కథ అల్లేశారు. అయ్యా, అది ప్రేమ పాట. ప్రేమలో పడ్డవాడు తనకేదో పూనిందని, తన ఒళ్లు తన మాట వినడం లేదని గింజుకుంటాడు. పాటలో ఉన్నదంతా అదే. పిల్ల మీద మనసుపడి తిండి మానేసిన కుర్రాణ్ని చూసి 'వీడికేదో పట్టింది' అని మన ఇళ్లలో అనరా? అదే మాటను గిటార్లతో చెబితే ఘోరమైపోయిందా?

తెలియనివారి కోసం నాలుగు ముక్కలు చెబుతాను. ఈ బృందం వెనక ఉన్న మనిషి తోబియాస్ ఫోర్జ్, ఊరు లిన్‌షోపింగ్. 2010లో మొదటి ఆల్బం వచ్చింది. వాయిద్యగాళ్లు ముసుగులు తీయరు. ఫోర్జ్ మాత్రం ఆల్బం మారినప్పుడల్లా వేషం మార్చుకుంటూ, ఎక్కువగా 'పాపా' అనే పోపు లాంటి మతగురువుగా వస్తాడు. 2017లో పాత సభ్యులు కోర్టుకెక్కేదాకా ఆ ముసుగు వెనక ఎవరున్నారో ఆయన బయటపెట్టలేదు. 2016లో గ్రామీ అవార్డు వచ్చింది. ఈ స్కెలెటా 2025 ఏప్రిల్ 25న విడుదలై అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బంల పట్టికలో నేరుగా మొదటి స్థానానికి వెళ్లింది. 2020లో ఏసీ/డీసీ బృందం ఆల్బం తర్వాత ఒక హార్డ్ రాక్ ఆల్బం ఆ మెట్టు ఎక్కడం అదే మొదటిసారి. ఇంత జరిగితే మీ కథనానికి దొరికింది ఆ ముఖం మీది రంగేనా?

ఇందులో పది పాటలున్నాయి, మొత్తం ముప్పావు గంట. అంతకుముందు ఆల్బంలో సామ్రాజ్యాలు లేవడం కూలడం చెప్పాడు, దానికి ముందుదాంట్లో మహమ్మారి గురించి చెప్పాడు. ఈసారి చూపు లోపలికి తిప్పాడు. చీకటి ఉన్న మాట నిజమే, నేను కాదనను. కానీ ఆ చీకటి ఇంట్లో మనిషి పోయాక ఉండేది. 'సెనొటాఫ్' అని ఒక పాట ఉంది. పోయినవాళ్లు ఎక్కడికీ పోలేదు, మన పక్కనే ప్రయాణం చేస్తున్నారని చెబుతుంది. మా అమ్మ పోయిన కార్తీకంలో పోయింది. విజయవాడ నుంచి తెనాలి ఎప్పుడు వెళ్లినా బండి మీద నా వెనక కూర్చుని, నా కుడి భుజం పట్టుకునేది. గతుకు వస్తే వేళ్లు బిగిసేవి. మొన్న ఈ పాట వింటూ అదే దారిన వెళుతుంటే దుగ్గిరాల దాటాక బండి పక్కకు ఆపేసి కాసేపు నిలబడిపోయాను. నలభై ఎనిమిదేళ్లవాణ్ని. ఏ సైతానూ నన్ను పట్టలేదు. అమ్మ గుర్తొచ్చింది, అంతే. ఫోర్జ్ ఈ బృందం పాటలు మొదటిసారి ఇంటర్నెట్‌లో పెట్టిన రోజే ఆయన అన్న చనిపోయాడు. చావు గురించి పాడే అర్హత ఆయనకు మనం ఇవ్వక్కర్లేదు.

అసలు భయంకరమైన రూపం చూసి బెదిరే జాతా మనది? బోనాల్లో ఒళ్లంతా పసుపు పూసుకుని కొరడా ఝళిపించే పోతురాజు ముందు పసిపిల్లల్ని ఎత్తుకుని నిలబడతాం. వీరభద్రుడి సంబరంలో నారసాలు గుచ్చుకునేవాళ్లకు దణ్ణం పెడతాం. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వచ్చేదాకా జనం నిద్ర ఆపుకుని కూర్చునేవారు. ఆ సీనులో జాషువా గారి శ్మశానం పద్యాలు పాడితే వన్స్‌మోర్‌లు కొట్టి మళ్లీ మళ్లీ పాడించుకున్న ఊళ్లు మనవి. చిన్నప్పుడు మా నాన్న భుజం మీద కూర్చుని విన్నాను. చావును ఎదురుగా పెట్టుకుని పాడటం మనకు కొత్త కాదు.

ఈ నింద కూడా కొత్తది కాదు. 1985లో అమెరికా సెనేట్ రాక్ పాటల మీద విచారణ పెట్టింది. పెద్దింటి ఆడవాళ్లు కమిటీగా ఏర్పడి, ఈ పాటలు పిల్లల్ని చెడగొడుతున్నాయన్నారు. చివరికి ఆల్బంల మీద హెచ్చరిక చీటీ వచ్చింది. 1990లో అమెరికాలోని రీనో పట్టణంలో జూడాస్ ప్రీస్ట్ అనే బ్రిటన్ రాక్ బృందాన్ని కోర్టులో నిలబెట్టారు, పాటలో దాచిన మాటల వల్లే ఇద్దరు కుర్రాళ్లు ఆత్మహత్యకు పూనుకున్నారని. గాయకుడు రాబ్ హాల్ఫర్డ్ కోర్టులోనే పాడి వినిపించాల్సి వచ్చింది. ఆ దావా నిలబడలేదు. అంత పెద్ద గొడవలో కూడా కనీసం పాట విని వాదించారు. మీ పత్రికలో అదీ లేదు.

ఒకప్పుడు ఇదే పత్రికలో సంగీతం మీద రాసేవారు పాట ఎక్కడ ఎత్తుకున్నారో, చరణంలో ఎక్కడ జారిందో చెప్పేవారు. ఆ ముక్కలు కత్తిరించి దాచుకున్నాం. ఇప్పుడు ఎవరో పంపిన ప్రకటన కింద పేరు పెట్టేస్తున్నారు. పోనీ, పిల్లల మీద అంత బెంగ ఉంటే బడి వార్షికోత్సవాలకు ఒకసారి వెళ్లండి. నాలుగో తరగతి ఆడపిల్లల చేత సినిమా ఐటెం సాంగులకు డ్యాన్సు చేయిస్తున్నారు. ఆ ఫొటో జిల్లా పేజీలో మీరే వేస్తారు. ఊరేగింపుల్లో డీజే పెట్టెలకు మా కిటికీ అద్దాలు అదురుతుంటే పోలీసులు పక్కనే నిలబడి చూస్తారు. ఫిర్యాదు చేసినా పట్టించుకునే అధికారి లేడు.

మీ కథనం ఊరికే పోలేదు. మా అబ్బాయి చదివే ఇంజనీరింగ్ కాలేజీలో నలుగురు పిల్లలు కలిసి బ్యాండు పెట్టుకున్నారు. వార్షికోత్సవంలో ఈ ఆల్బం పాట ఒకటి వాయించాలని మూడు వారాలు సాధన చేశారు. మీ పేజీ నోటీసు బోర్డుకు ఎక్కింది, వాళ్ల కార్యక్రమం రద్దయింది. ఆ స్థానంలో ఐటెం సాంగు పెట్టారు. అబ్బాయి ఆ రాత్రి అన్నం తినకుండా గిటారు తీగలు విప్పుకుంటూ కూర్చున్నాడు.

నేను అడిగేది ఒక్కటే. 'సైతానైజ్డ్' పాటలో ఏముందో సరిగ్గా రాసి, అదే పేజీలో సవరణ వేయండి. రాసేముందు పది పాటలూ వినమనండి. ఇప్పుడు పిల్లలు ఆదివారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా మా హాల్లోనే వాయించుకుంటున్నారు. మీ విలేకరి వస్తానంటే కుర్చీ వేస్తాం, కాఫీ ఇస్తాం. నచ్చకపోతే నచ్చలేదనే రాయమనండి.

- ఒక పాత పాఠకుడు, విజయవాడ